సగం గాటు

క్లేటన్ రూక్ కోర్టు కాగితాన్ని బల్ల మీద పెట్టేసరికి గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. లాయిడ్ ట్రెస్కాట్‌ను చంపిన తుపాకిని మధ్యాహ్నం రెండు గంటలకల్లా దాన్ని తయారు చేసిన హెస్టర్‌బీ కంపెనీ ప్రతినిధికి అప్పగించాలని అందులో ఉంది. అంటే డిటెక్టివ్ మార్నా హెల్గెసన్‌కు మిగిలింది ఐదు గంటలకు పది నిమిషాలు తక్కువ.

"మనిషి పోయి నిండా రెండు రోజులు కూడా కాలేదు. అప్పుడే జడ్జీని నిద్ర లేపారా?" అంది మార్నా.

"వేట సీజను కదా. ఆయన నాలుగింటికే లేచి కూర్చుంటున్నాడు," అన్నాడు రూక్, కుర్చీ లాక్కుంటూ.

రూక్ ఒకప్పుడు మాంటానా రాష్ట్ర పోలీసు ప్రయోగశాలలో తుపాకుల నిపుణుడు. పదకొండేళ్ళు పనిచేసి, కంపెనీ పిలవగానే వెళ్ళిపోయాడు. మూడేళ్ళ కిందట మార్నా పట్టుకున్న ఒక నిందితుడి తరఫున సాక్ష్యం చెప్పి, నలభై నిమిషాల్లో కేసు కొట్టించేశాడు. అప్పటి నుంచీ వాళ్ళ మధ్య పలకరింపులు లేవు. హెస్టర్‌బీ తుపాకితో ఎక్కడ ప్రమాదం జరిగినా ఇప్పుడు అతను అక్కడ వాలతాడు. తిరిగి వెళ్ళేటప్పుడు అతని రిపోర్టులో తప్పు తుపాకి కొన్నవాడిదే అయివుంటుంది.

ఈసారి కూడా అతనికి రెండే దారులు కనిపించాయి. లాయిడ్ తుపాకి పక్కనున్న భద్రత బొత్తాం నొక్కలేదు, కాబట్టి తప్పు లాయిడ్‌ది. లేదా వేట గుడారంలో ఉన్న రెండో మనిషి, లాయిడ్ చెల్లెలి భర్త డ్వేన్ ఒస్బీ, అతన్ని కాల్చేశాడు. సెప్టెంబరులో వాళ్ళిద్దరూ ఊరి బార్లో కొట్టుకున్నారన్న సంగతి రూక్ అప్పుడే సంపాదించాడు.

మూడో దారి కూడా ఉండొచ్చని మార్నా అంది.

"ఏమిటది?"

"మీరు చెత్త తుపాకి అమ్మి ఉండొచ్చు."

రూక్ నవ్వలేదు. అలా అన్నవాళ్ళను ఈ ఏడాది పంతొమ్మిది మందిని చూశానని మాత్రం అన్నాడు.

డ్వేన్ పక్క గదిలో కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, గడ్డిమోపులు ఎత్తీ ఎత్తీ మొద్దుబారిన చేతులు. వాటిని బల్ల కింద దాచుకున్నాడు. ముందురోజు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఊట నీళ్ళకు తను కంచె కట్టినందుకు లాయిడ్‌తో గొడవైంది నిజం. రాజీ పడదామనే ఇద్దరూ కలిసి జింకల వేటకు వెళ్ళారు. నిన్న పొద్దున ఆరూ నలభైకి తుపాకుల్లో తూటాలు నింపుకున్నారు. ఆరూ యాభై అయిదుకి లాయిడ్ తన తుపాకిని ట్రక్కు వెనక ఆనించి, బూటు తాడు బిగించుకోవడానికి వంగాడు. డ్వేన్ పన్నెండు అడుగుల దూరంలో పొయ్యి మీద కాఫీ దించుతున్నాడు. తుపాకి జారింది. పేలింది. లాయిడ్ గడ్డం కింద నుంచి తూటా దూసుకుపోయింది. కొండల్లో ఫోను పలకదు. డ్వేన్ తన బండిలో కిందికి దిగి, ఏడూ ఇరవైకి షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేశాడు.

తుపాకిని ముట్టుకోలేదనే ఇప్పుడు కూడా అన్నాడు.

మార్నా ఒక చిన్న సంచిని బల్ల మీదికి తోసింది. లోపల ఖాళీ ఇత్తడి తూటా ఒకటి ఉంది. అది తుపాకికి రెండు గజాల అవతల, పేలని తూటాలు అయిదింటితో పాటు మంచులో దొరికింది.

"మీటతో పనిచేసే రైఫిల్లోంచి ఇది తనంతట తను బయటికి రాదు డ్వేన్. ఎవరో ఒకరు మీట తిప్పాలి. చచ్చిపోయినవాడు తిప్పడు."

డ్వేన్ ఆ సంచిని చూశాడు. తర్వాత చేతులు బల్ల మీద పెట్టాడు.

"నేనే తిప్పాను. ఇంకా అయిదు తూటాలున్నాయి అందులో. లాయిడ్ దాని పక్కనే పడి ఉన్నాడు. మళ్ళీ పేలుతుందేమోనని అన్నీ తీసి పారేశాను. అప్పటికే పోయాడని నాకు తెలీదు."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"బార్లో మేం కొట్టుకుంటే ఊరంతా చూసింది మార్నా. నా వేలిముద్రలు దాని నిండా ఉన్నాయని చెబితే నువ్వేమనుకునేదానివి?"

ఇప్పుడు అనుకుంటున్నదే అనుకునేదాన్నని మార్నా మనసులో అనుకుంది. పైకి మాత్రం ఆ తుపాకి సంగతి చెప్పమంది. దాని గురించి మాట్లాడేటప్పుడు డ్వేన్ గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. లాయిడ్ తండ్రి వాడిన పాత హెస్టర్‌బీ పశువుల కొట్టంతో పాటు కాలిపోయింది. ఆ పేరు మీద నమ్మకంతో లాయిడ్ సెప్టెంబరులో కొత్తది కొన్నాడు. మొదటి రోజు నుంచీ దాన్ని తిడుతూనే ఉన్నాడు. గొట్టం చివరి గురి పలక కుడివైపు ఒరిగి ఉంది. చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు పట్టేంత సందు. మీట అంచులు వేళ్ళను కోసేవి. ప్రతి మూడో తూటా ఇరుక్కునేది. మొన్న గుడారంలో ఒక మర ఊడి సూపు గిన్నెలో పడింది. అక్టోబరులో ఊళ్ళో ఇచ్చి గురి పలక సరిచేయించాక కాస్త తిన్నగా పేలుతోందని చెప్పుకున్నాడు.

"వాళ్ళ నాన్న తుపాకి మీద ఉన్న పేరే దీని మీదా ఉందనేవాడు. ఆ పేరు చెక్కడం ఒక్కటే సరిగ్గా చేశారనేవాడు," అన్నాడు డ్వేన్.

పదీ నలభైకి మార్నా కొండమీది గుడారం చేరింది. రూక్ తన బండిలో వెనకే వచ్చి, పసుపు పట్టీ అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లాయిడ్ ట్రక్కు కదపకుండా అలాగే ఉంది. దాని వెనక, బంపరు కింద, ట్రైలరు తగిలించే ఇనుప గుండు పొడుచుకొచ్చి ఉంది. నేల నుంచి పదిహేను అంగుళాల ఎత్తు. దాని మీద కొత్త గీత, గీతలో తుపాకికి పూసే నల్లరంగు. తుపాకి వెనక భాగంలో బొటనవేలితో లాగే చిన్న సుత్తి ఉంటుంది. ఆ సుత్తి కొన మీద కూడా తాజా నొక్కు ఉంది. మార్నా తన బండిలోంచి తుపాకి తెచ్చి రెంటినీ పక్కపక్కన పెడితే అతికినట్టు సరిపోయాయి. తుపాకి మడమ మంచులో జారిన గాడి జానెడు పొడవుంది. ట్రక్కు మీద మంచు పడకుండా కట్టిన గుడ్డలో తూటా చేసిన చిల్లు కనబడుతోంది.

మార్నా ఆ చిల్లులోంచి ఒక తాడు కిందికి దింపి, లాయిడ్ వంగిన చోటు మీదుగా లాగి పట్టుకుంది. దాని కొస ఇనుప గుండు దగ్గరికి వచ్చింది. నిలబడిన మనిషి కాలిస్తే తాడు అడ్డంగా సాగాలి. ఇది నేల నుంచి నిటారుగా లేచింది.

రూక్ పట్టీ దాటి వచ్చి తాడు తనే పట్టుకుని చూశాడు. కొలతలు తనే మళ్ళీ తీశాడు.

"సరే. డ్వేన్ కాదు," అన్నాడు. "అయితే బొత్తాం. నొక్కలేదు. నొక్కమని మా పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది."

ఆ బొత్తాం కొత్తగా వచ్చింది. అంతకుముందు నూరేళ్ళుగా ఈ తుపాకులు పట్టినవాళ్ళు నమ్ముకున్నది మరొకటి. కాల్చే పని లేనప్పుడు సుత్తిని బొటనవేలితో పట్టి సగం దాకా దించుతారు. లోపల సుత్తి మొదట్లో ఒక గాటు ఉంటుంది, సుత్తి అక్కడ కూర్చుంటుంది. ఇక తుపాకి గుర్రం మీంచి పడినా, బండికి కొట్టుకున్నా సుత్తి కదలదు. ఈ జిల్లాలో ప్రతి ఇంట్లోనూ పిల్లలకు మొదట నేర్పేది అదే. మార్నాకు వాళ్ళ నాన్న ఎనిమిదో ఏట నేర్పాడు.

"సగం గాటు ఎందుకు ఆపలేదు?" అంది.

"అతను సుత్తి సగంలో పెట్టి ఉండడు. పూర్తిగా ఎత్తి వదిలేసి ఉంటాడు."

"నలభై ఐదేళ్ళు వేటాడిన మనిషి, బూటు తాడు కట్టుకోవడానికి వంగుతూ సుత్తి ఎత్తి పెడతాడా?"

రూక్ భుజాలెగరేశాడు. మార్నా లాయిడ్ తుపాకిని చేతిలోకి తీసుకుని, మీట తెరిచి ఖాళీగా ఉందని అతనికీ చూపించింది. సుత్తిని సగంలో కూర్చోబెట్టింది. ఒక చెక్క పిడితో దాని వీపు మీద చిన్నగా తట్టింది.

టప్‌మని సుత్తి పడిపోయింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. మూడోసారి తట్టాల్సిన అవసరం కూడా రాలేదు, బండి మీద పెట్టిన కుదుపుకే పడింది.

సాక్ష్యాన్ని పాడు చేస్తున్నావని రూక్ అన్నాడు. కోర్టు కాగితంలో రెండు గంటలని ఉందనీ, ఇప్పుడు పదకొండున్నరేననీ మార్నా జవాబు చెప్పింది. కానీ అతని మొహంలో కోపం లేదన్న సంగతి ఆమె గమనించింది. అతను నిజంగానే తికమకపడ్డాడు.

"మా తుపాకులు వికారంగా ఉంటాయి, ఒప్పుకుంటాను," అన్నాడు చివరికి. "గురి వంకర, చెక్క పగులు, మరలు వదులు, అన్నీ చూశాను. ఈ గాటు జారడం మాత్రం చూడలేదు."

"ఇది మీ రిపోర్టులో రాస్తారా?"

"ఏది? మొదటి ముక్కా, రెండోదా?"

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే మార్నా నవ్వేదే. ఆమె తుపాకిని గుడ్డలో చుట్టింది. దాన్ని విప్పి చూడగల మనిషి తొంభై మైళ్ళలో ఒక్కడే ఉన్నాడు.

ఎమెట్ గ్రూబర్‌కు డెబ్బై ఏళ్ళు. కనెటికట్‌లోని పాత హెస్టర్‌బీ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు తుపాకుల లోపలి భాగాలను చేత్తో సానపట్టి కూర్చాడు. కొత్త యజమానులు పేరు కొనుక్కుని ఫ్యాక్టరీ మూసేశాక, ఇక్కడున్న అక్క దగ్గరికి వచ్చి తుపాకుల మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడు. మార్నా వాళ్ళ నాన్న తుపాకి కూడా ఆయన చేతిలోనే పడేది. పన్నెండూ ఇరవైకి వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి ఆయన బల్ల దగ్గర రొట్టెముక్క సూపులో ముంచుకు తింటున్నాడు.

రూక్ ఎవరో చెప్పగానే ఆయన తినడం ఆపి, చేతులు కడుక్కుని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. అప్పటి నుంచి మార్నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతి ముక్కా విప్పుతూ రూక్‌కే చూపించాడు. నలిగిపోయిన మర తలలు, లోపల గీకకుండా వదిలేసిన ఇనుప పొట్టు, కత్తిలా ఉన్న మీట అంచు.

"ఇది చూడు బాబూ, ఈ అంచు ఇలా పంపితే మా మేస్త్రీ నా మొహాన విసిరికొట్టేవాడు. ఇదిగో, ఈ మర రెండు చుట్లే పట్టింది. మా రోజుల్లో ఒక్కో తుపాకిని ఆరుగురం చూసేవాళ్ళం. ఇప్పుడెందరు చూస్తారు? చెప్పు."

ఎమెట్ చివరికి సుత్తి బయటికి తీసి మార్నా అరచేతిలో పెట్టాడు.

"ఇదీ మీకు కావలసింది. గాటులో లోతే లేదు. ఇదీ వీళ్ళ పనితనం."

మార్నా భూతద్దం అడిగి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గాటు నిజంగానే లోతు లేదు, దాని పెదవి గుండ్రంగా అరిగి ఉంది. కానీ ఆమె చూపు అక్కడ ఆగలేదు. గాటు లోపల అద్దంలా మెరుస్తోంది. దువ్వెన పళ్ళలా సన్నని గీతలు, అన్నీ ఒకే వైపు, ఒకే దూరంలో ఉన్నాయి. పొద్దున్నుంచీ ఆ తుపాకిలో చూసిన ఏ ముక్కా ఇలా లేదు.

ఇదే దఫాలో తయారైన సుత్తి ఇంకొకటి ఉందా అని రూక్‌ను అడిగింది. కోర్టుల్లో చూపించడానికి అతని పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. అతను తీసి దీని పక్కన పెట్టాడు.

అతనిది చూడ్డానికి అసహ్యంగా ఉంది. అచ్చులో పోసినప్పుడు ఏర్పడిన అతుకు గీత పైనుంచి కిందిదాకా, గాటులోంచి కూడా, గరుకుగా సాగింది. గాటు మాత్రం లోతుగానే ఉంది. లాయిడ్ సుత్తి మీద అదే అతుకు గీత గాటు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. గాటు దాటాక మళ్ళీ మొదలైంది. మధ్యలో నునుపు.

మార్నా భూతద్దం రూక్ చేతికిచ్చింది. అతను వంగి చూశాడు. తర్వాత తను తెచ్చిన సుత్తిని కూడా మళ్ళీ చూశాడు.

"ఈ తుపాకి మొత్తంలో చక్కగా చేసిన పని ఇదొక్కటే," అంది మార్నా. "ఫ్యాక్టరీలో ఇప్పుడు ఇంత బాగా చెయ్యగలవాళ్ళు ఉన్నారా, రూక్?"

"లేరు," అన్నాడతను. "ఆకురాయి పట్టేవాడే లేడు అక్కడ."

ఎమెట్ స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడుస్తున్నాడు. అది శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

గురి పలక సరిచేయించడానికి అక్టోబరులో లాయిడ్ వచ్చింది మీ దగ్గరికేనా అని మార్నా అడిగింది. అవునన్నాడు. ఎన్ని రోజులు ఉంచుకున్నారని అడిగింది. రెండు రోజులన్నాడు.

"గొట్టం చివర పలక తిప్పడానికి లోపల సుత్తి విప్పాలా, ఎమెట్ గారూ?"

ఆయన అబద్ధం చెప్పగలిగేవాడే. దుకాణంలో మూడు వారాల పని పేరుకుపోయిందనీ, ఏదేది విప్పానో గుర్తులేదనీ అనొచ్చు. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"అక్కర్లేదు అమ్మాయ్," అన్నాడు, కుర్చీలో కూలబడి.

తర్వాత మార్నా అడగకుండానే చెప్పుకొచ్చాడు. కొత్త తుపాకులు వరసగా తన దగ్గరికే బాగు చేయించుకోవడానికి వచ్చేవి. ప్రతిదాని మీదా ఒకప్పుడు తన తుపాకుల మీదున్న పేరే. ఒకదాని గొట్టం వంకరగా బిగించారు, ఒకదాని చెక్క చీలిపోయింది. ఇలాగే సాగితే ఏదో ఒకరోజు మనిషి పోతాడని కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. ఎవడో ఒకడు భయపడితే తప్ప వాళ్ళు వినరని అనిపించింది.

"లాయిడ్ జాగ్రత్తపరుడు," అన్నాడు. "తుపాకి మూతి ఎప్పుడూ ఆకాశం వైపే పెట్టేవాడు. ఎక్కడో అడవిలో గాల్లోకి పేలుతుంది, హడలిపోతాడు, కంపెనీ మీద ఫిర్యాదు పెడతాడు అనుకున్నాను. దాని మీద వంగుతాడని నేననుకోలేదు మార్నా. దాని మీద వంగుతాడని నేనెలా అనుకుంటాను?"

మార్నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ వేళ్ళు తన తండ్రి తుపాకిని ఎన్నిసార్లు సరిచేశాయో కూడా గుర్తొచ్చింది. ఆమె సంకెళ్ళు తీయకుండా, ఇంకెన్ని తుపాకులకు ఇలా చేశారని అడిగింది.

"ఇంకొకటే. ఇక్కడిది కాదు."

ఆగస్టులో ఆయన సొంత డబ్బుతో ఒక కొత్త హెస్టర్‌బీ కొన్నాడు. దాని గాటు కూడా ఇలాగే అరగదీసి, సుత్తి జారుతోందని ఒక చీటీ రాసి, బాగుచెయ్యమని ఫ్యాక్టరీకే పంపేశాడు. ఎవడైనా విప్పితే చాలు, వెంటనే పట్టేస్తాడు. అప్పుడు మిగతావి కూడా చూస్తారని ఆశ. తిరిగి ఏమీ రాలేదు. డబ్బు వాపసు చేస్తూ ఒక చెక్కు మాత్రం వచ్చింది.

రూక్ ఆ తుపాకి నంబరు అడిగి రాసుకున్నాడు. ఫోను పట్టుకుని బయటి అరుగు మీదికి వెళ్ళాడు. అద్దంలోంచి మార్నాకు అతని వీపు కనబడుతోంది. మొదట నడుస్తూ మాట్లాడాడు. తర్వాత నడక ఆగిపోయింది. లోపలికి వచ్చేసరికి ఒంటిగంటా నలభై.

తుపాకిని, సుత్తిని తీసుకుని వెంటనే బయల్దేరమని పైవాళ్ళు అతనికి చెప్పారు. రెండో తుపాకి ఏమైందో ఎవరికీ చెప్పొద్దన్నారు. అతను కోర్టు కాగితం జేబులోంచి తీసి, తిరగేసి, దాని వెనక ఆ నంబరు రాసి మార్నా ముందు పెట్టాడు.

"ఆగస్టు ఇరవై ఆరున ఫ్యాక్టరీకి చేరింది," అన్నాడు.

"ఎవరు విప్పారు?" ఎమెట్ కుర్చీలో ముందుకు జరిగాడు. "చీటీ పెట్టాను కదా. ఏమన్నారు?"

రూక్ ఆయన వైపు చూడలేకపోయాడు.

"తిరిగొచ్చినవాటిని మేం విప్పం. పైన తుడిచి, గీతలుంటే చెక్క మార్చి, కొత్త పెట్టెలో పెట్టేస్తాం. మళ్ళీ దుకాణాలకే వెళ్తాయి."

"ఏ దుకాణానికి వెళ్ళింది?" అంది మార్నా.

"ఈ రాష్ట్రానికే. పెద్ద లారీలో నూటనలభై పెట్టెలు, ఏది ఎక్కడ దించారో వాళ్ళ దగ్గర రాసి లేదు. అన్నీ సీజను మొదలవకముందే అమ్ముడుపోయాయి."

సీజను ఇంకా పది రోజులుంది. మార్నా రేడియో అందుకుని, ప్రతి జిల్లా షెరీఫ్‌కూ, ప్రతి అటవీ కాపలాదారుకూ చేరేలా ఆ నంబరును అంకె అంకె విడదీసి చదవడం మొదలుపెట్టింది. ఎమెట్ లేచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పు అమ్మాయ్. లాయిడ్ దానికంటే అందులో గాటు ఎక్కువ అరగదీశాను. విప్పగానే కనిపించాలని."